పాత రిజిస్టరు సాక్ష్యం

బ్రిటన్ దేశంలో 1904 నుంచి మోటారు బండికి నంబరు తప్పనిసరి అయ్యింది. యజమాని పేరు, ఊరు, బండి రకం, రంగు అన్నీ స్థానిక ఆఫీసువాళ్లు పెద్ద రిజిస్టరులో చేత్తో రాసేవారు.

1970ల్లో ఆ పని స్వాన్సీలోని కంప్యూటరుకు మారింది. "ఇక ఈ పాత పుస్తకాలెందుకు?" అనుకున్నారు. చాలావాటిని పారేశారు.

పాత బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు కొన్నిటిని కాపాడారు. డ్రాయిట్‌విచ్ ఊళ్లోని కిట్‌హెడ్ ట్రస్టులో అలాంటి రిజిస్టర్లుండేవి. ఇలాంటి చోట్ల కొందరు జీతం లేకుండా పనిచేస్తారు. పుస్తకాలు సర్దుతారు. అడిగినవాళ్లకు వెతికిపెడతారు.

కొట్టంలో తుప్పుపట్టిన కారు దొరుకుతుంది. కాగితాలుండవు. రిజిస్టరులో దాని వరుస కనబడితే పాత నంబరు తిరిగి పొందే వీలుంటుంది. పుస్తకమే పోతే సాక్ష్యం చెప్పేదెవరు?

ఆలోచించండి: రిజిస్టరు పారేస్తే ఎవరికి నష్టం?