క్రొత్త యింజనును దారికి దెచ్చుట

చెరువు మరమ్మతులకును కాలువనీటి తగాదాలకును హైదరాబాదు పోయివచ్చు మన సభ్యులకు ఎర్రమంజిల్ తెలియని చోటు కాదు. నీటిపారుదల శాఖవారి జలసౌధ అచ్చటనే యున్నది. ఆ గుట్టను తెలుగువారు ఎర్రగడ్డ యనుచుండిరనియు, 1870 ప్రాంతమున ఫఖ్రుల్ ముల్కు నవాబు దానిపై మేడ కట్టించి, ఆ ధ్వని చెడకుండ పారసీలో 'ఇరమ్ మంజిల్', అనగా స్వర్గభవనము, అని పేరుపెట్టెననియు చెప్పుదురు. 2018 సెప్టెంబరు నుండి మెట్రో రైలు అచ్చట ఆగుచున్నది. ఆ స్టేషను మెట్లు దిగి పంజగుట్టవైపు కొంతసేపు చూచిన యెడల, ముందుభాగమున పూలదండతో, అప్పుడే నిమ్మకాయలు త్రొక్కించి తెచ్చిన క్రొత్తకారు ఒకటి యైనను కంటబడకపోదు. వానిలో కొన్ని గంటకు 250 కిలోమీటర్లు పరుగెత్తజాలినవి. ఆ వీధిలో మాత్రము వాని నడక ఎద్దుబండి నడకయే.

రైతుల పత్రికకు ఈ కార్లతో ఏమి పని యని మీరు అడుగవచ్చును. మన సభ్యుల బిడ్డలు నగరమునందు ఉద్యోగములు చేసి అట్టి కార్లు కొనుచున్నారు. అది యొక కారణము. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. సంఘమువద్ద అప్పు తీసి కొన్న ట్రాక్టరు ఇంజనుకును, ఆ కారు ఇంజనుకును లోపలి న్యాయ మొక్కటే. కారు చెడిన షోకు చెడును. ట్రాక్టరు చెడిన సేద్యము చెడును. అప్పు వాయిదా మాత్రము చెడక వచ్చుచునే యుండును.

ఇంజనులో సిలిండరనెడి గుండ్రని గొట్టమున్నది. దానిలో పిస్టను క్రిందికిని మీదికిని ఆడుచుండును. పిస్టను చుట్టును ఇనుప రింగులు తొడుగబడి యుండును. ఆ రింగులు గోడకు సందులేకుండ ఆనినచో మంటవలన పుట్టిన ఒత్తిడి యంతయు పనికి వచ్చును. ఆనకున్నచో ఒత్తిడి క్రిందికి జారిపోవును, క్రింది నూనె మీదికెక్కి కాలును, పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చును. ఫ్యాక్టరీవారు సిలిండరు గోడను అద్దమువలె నున్నగ చేయుదురని పలువురు తలంతురు. అట్లు చేయరు. సానరాళ్లతో రుద్ది, చాపయల్లిక వలె ఏటవాలుగ ఒండొంటిని దాటు సన్నని గీతలను కావలెననియే విడుతురు. ఆ గీతల పల్లములలో నూనె నిలుచును. వాని మిట్టలు మాత్రమే మొదట రింగునకు తగులును. ఇంజను మొదటి దినములలో పనిచేయుచుండగా ఆ మిట్టలు అరిగి సమమగును, రింగు గోడకు కుదురుకొనును. మెకానిక్కులు 'రన్నింగ్ ఇన్' అనునది ఇదియే.

ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి గలదు. రింగును గోడకు అదిమి పట్టునది దాని స్వంత బిగువు కొంతమాత్రమే. మంట వాయువు రింగు వెనుకకు దూరి దానిని గోడవైపు త్రోయును. కావున బొత్తిగ బరువు లేకుండ ఇంజనును నడిపినచో ఆ త్రోపు చాలదు. మిట్టలు అరుగవు. గోడమీది నూనె మెల్లగా మాడి లక్కపూత వలె గట్టిపడి, గీతల పల్లములను పూడ్చివేయును. అటుపిమ్మట రింగు ఎన్నటికిని కుదురుకొనదు. ఇంజను విప్పి సిలిండరును మరల సానపట్టింపవలసినదే. మఱి తొలిదినముననే పూర్తి వేగమున తోలినచో, ఇంకను కుదురుకొనని మిట్టలవద్ద వేడి మితిమీరి, నూనెపొర తెగి, లోహము లోహమును గీరును. రెండును చెఱుపే. కోడెను కాడికి అలవాటు చేయు రైతు మొదటినాడే లోతుదుక్కికి కట్టడు; అట్లని కొట్టములో కట్టివేసి మేపుచు కూర్చుండడు. ఇసుకలోనో వదులునేలలోనో తేలిక బరువుతో త్రిప్పును.

తొలినుండి గట్టిగ తోలిననే రింగులు బాగుగ కుదురునని వాదించు యువకులు కొందరు మాకు తగిలిరి. వారి మాటలో ఒక పాలు నిజ మున్నది; అది పైన చెప్పిన త్రోపు సంగతియే. కాని వారు రింగులను మాత్రమే లెక్కించుచున్నారు. బేరింగులు, గేర్లు, వెనుక ఇరుసులోని పండ్లచక్రములు, ఇవన్నియు ఒకదానితో నొకటి సర్దుకొనవలసినవే. ఆ సంగతి తెలిసినవారు బండి చేసినవారు. కాబట్టి బండితో వచ్చిన పుస్తకమునకు మించిన గురువు లేడని మా అభిప్రాయము.

ఆ పుస్తకములు ఏమి చెప్పుచున్నవి? బి.ఎం.డబ్ల్యు. వారు తమ ఎమ్3, ఎమ్4 వంటి వేగపుకార్లకు మొదటి 2000 కిలోమీటర్లవరకు ఇంజను నిమిషమునకు 5500 చుట్లు మించరాదనియు, బండి గంటకు 170 కిలోమీటర్లు దాటరాదనియు వ్రాసియున్నారు. యాక్సిలరేటరును అడుగంట త్రొక్కుటయు కూడదు. 2000 కిలోమీటర్లు కాగానే బండిని వర్క్‌షాపునకు తీసికొనిపోయి ఇంజను నూనెను, వెనుక ఇరుసు నూనెను మార్పింపవలెను. అరిగిన మిట్టల లోహపుపొడి యంతయు ఆ మొదటి నూనెలోనే యుండును గదా! పూర్వము ఈ నిబంధనలు ఇంకను కఠినముగ నుండెడివి. 1950 ప్రాంతమున ఇంగ్లాండులో క్రొత్తకారు కొన్నవారు గంటకు ముప్పది మైళ్లు దాటక నడుపుచు, 'బండి క్రొత్తది, దయచేసి దాటిపొండు' అను అర్థముగల కాగితమును వెనుక అద్దమునకు అంటించుకొనెడివారు. నేడు కోత సున్నితమైనది, నూనె మేలైనది. అందుచే కాగితము పోయినది గాని, ఓపిక అవసరము పోలేదు.

ఎర్రమంజిల్ వీధిలో క్రొత్తబండి కొన్నవానికి వచ్చు చిక్కు వేగము వలనిది కాదు, వేగము లేకపోవుట వలనిది. పంజగుట్ట కూడలివద్ద నిలిచి, ఖైరతాబాదువైపు నాలుగడుగులు సాగి, మరల నిలిచి, మే నెల యెండలో ఏసీ వేసికొని గంటసేపు ఇంజను ఊరక తిరుగుట, పైన చెప్పిన లక్కపూతకు దగ్గరిదారి. కాబట్టి తొలి వారములందు సెలవుదినమున వేకువనే బయలుదేరి ఊరు దాటవలెను. అవుటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల చుట్టు; చక్కని బాట. అయినను అచ్చట ఒకే వేగమున పోవుట మంచిది కాదు. ఇంజను చుట్లు మారుచుండవలెను. మితముగ త్రొక్కి వేగము పెంచి, పిమ్మట పాదమెత్తి దానంతట అది తగ్గనిచ్చినచో, పాదమెత్తినప్పటి పీల్పునకు నూనె గోడమీదికి వచ్చి పొడిని కడిగివేయును. ఈ యభ్యాసమునకు ఎత్తుపల్లములున్న వికారాబాదు అనంతగిరి దారి మేలు. పై గేరులో ఉంచి ఎత్తు ఎక్కించుచు ఇంజనును గుడగుడలాడింపరాదు. గేరు దించుటకు సిగ్గుపడవలదు.

ఉదయము బండి తీయగానే త్రొక్కుట అన్నిటికంటె చెడ్డది. మీటరులో ముల్లు నడుమకు వచ్చినది గదా యందురు. ఆ ముల్లు చూపునది నీటి వేడి. నూనె వేడెక్కుటకు ఇంకను చాలసేపు పట్టును. నూనె వేడెక్కిన కొలది అనుమతించు చుట్ల హద్దును చిన్న దీపములతో చూపు కార్లును గలవు. అవి లేనివాడు మొదటి పది పదునైదు కిలోమీటర్లు నెమ్మదిగ పోయిన చాలును.

చక్రముల సంగతియు బ్రేకుల సంగతియు పలువురు మఱతురు. క్రొత్త టైరు పట్టు కుదురుటకు సుమారు 300 కిలోమీటర్లు, బ్రేకు ప్యాడ్లు అరిగి పళ్లెమునకు సరిగ ఆనుటకు సుమారు 500 కిలోమీటర్లు పట్టునని అదే బి.ఎం.డబ్ల్యు. పుస్తకములు చెప్పుచున్నవి. ఇది ప్రాణముతో కూడిన విషయము. మిత్రులను ఎక్కించుకొని మొదటి రాత్రియే పందెము వేయువాడు పందెము వేయుచున్నది పూర్తిగ ఆగనేరని బండితో.

ఇంకొక మాట. ఈ కాలపు బండ్ల కంప్యూటరు జ్ఞాపకశక్తి గలది. పోర్షె కార్లలో ఇంజను ఎన్నిమార్లు హద్దుమీరి తిరిగినదో వ్రాతవలె నిలిచిపోవును. వారంటీ అడుగబోయినప్పుడు అది సాక్ష్యము చెప్పును.

నడుపకుండ దాచుటయు కాపాడుట కాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ లండనునుండి తెప్పింపనెంచిన రోల్సురాయిసు సిల్వర్ ఘోస్టు, ఆయన 1911లో మరణించిన పిమ్మట కుమారుని చేతికి వచ్చెను. పసుపుపచ్చని ఆ 1912 నాటి బండి ఊరేగింపులకే గాని తిరుగక, జన్మమంతయు కొద్ది వందల మైళ్లు మాత్రమే నడిచినది. నిలిచియుండి శిథిలమై, మరమ్మతు పొందిన తరువాతనే చౌమహల్లా ప్యాలెసులో చూపఱ ముందుకు వచ్చినది. నిలిచిన ఇంజనులో నూనె క్రిందికి దిగిపోవును, రింగులు త్రుప్పు పట్టును, రబ్బరు ఎండి పగులును. రాజుగారి బండికి బాగుచేయించు దిక్కు దొరకెను.

ఇక ట్రాక్టరు. డీజిలు ఇంజనుకు లక్కపూత భయము పెట్రోలు ఇంజనుకంటె హెచ్చు. క్రొత్త ట్రాక్టరును ఇంటిముందు గంటలకొలది ఊరక తిప్పుచు చుట్టములకు చూపుట మేము అనేక గ్రామములలో చూచుచున్నాము, అది మానవలెను. దుకాణదారు చెప్పెనని సీసాలలో దొరకు మందులను నూనెలో కలుపుటయు మానవలెను. మొదటి గంటలలో పొడినేలలో కల్టివేటరు, సగము బరువుతో ట్రాలీ, ఇవి తగిన పనులు. కేజీవీల్సు కట్టి లోతుబురదలో దమ్ము చేయుట అప్పుడే పనికిరాదు. కావున దమ్ము ముంచుకొని వచ్చిన వారముననే ట్రాక్టరు కొనకుండ, ఒక నెల ముందుగ సంఘమునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. చాల కంపెనీలు మొదటి నూనెమార్పు 50 గంటలకే చేయుమనును. గంటల మీటరు ఆ యంకెను చూపు దినము నాట్ల నడుమ పడినను, ఆ పూట ట్రాక్టరును ఒడ్డుకు తెచ్చి, నూనెయు ఫిల్టరును మార్పించి, వదులైన బోల్టులు బిగింపించి, రసీదును వారంటీ పుస్తకములో పెట్టి, అటుపిమ్మటనే మరల మడిలోనికి దింపవలెను.