బంకు దగ్గర ఐదో శీలం



ఆదివారం వందనంలో పంచశీల చెప్పి, బయటికి రాగానే వీధి చివర బంకు దగ్గర సిగరెట్ వెలిగించే ఉపాసకులు మనలో ఉన్నారు. అడిగితే "అన్నా, ఐదో శీలంలో ఉండేది మందే కదా, సిగరెట్ యాడుంది?" అంటారు.

మాట నిజమే. బుద్ధుడి కాలంలో ఈ దేశంలో పొగాకే లేదు, పోర్చుగీసువాళ్ళు తెస్తే వచ్చింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో కూడా దాని పేరు లేదు. అయితే ఆ శీలంలోనే 'పమాదం' అనే పాళీ మాట ఉంది. అంటే ఏమరుపాటు. మనకు తెలియకుండానే చెయ్యి జేబులోకి పోతోందంటే దాన్ని ఇంకేమనాలి?

సిగాలోవాద సుత్తంలో గృహస్థుకు బుద్ధుడు చెప్పిన లెక్క ఉంది. సంపాదనను నాలుగు భాగాలు చేసి, ఒకటి ఖర్చుకు, రెండు వృత్తికి, నాలుగోది ఆపదకు దాచమన్నాడు. పది రూపాయల సిగరెట్లు రోజుకు ఐదంటే 50 రూపాయలు. ఏడాదికి 18,250. పదేళ్ళకు 1,82,500. ఇది ఆ నాలుగో భాగంలోంచి పోయేదే. బిడ్డ కాలేజీ ఫీజు కూడా అందులోదే. విడిగా ఒక్కొక్కటే కొంటాం కాబట్టి ఈ మొత్తం ఎప్పుడూ కంటికి కనబడదు. పెట్టెమీద 85 శాతం జాగాలో వేసే హెచ్చరిక బొమ్మా కనబడదు.

జబ్బు ఖర్చు వేరే. ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండెపోటు అందరికీ తెలిసినవే. క్షయ వచ్చే ముప్పు కూడా పెరుగుతుంది. బీడీ ఏమీ తక్కువది కాదు. బర్జర్ వ్యాధిలో కాళ్ళ రక్తనాళాలు మూసుకుపోయి వేళ్ళు నల్లబడతాయి, కొందరికి కాలే తీసేయాల్సి వస్తుంది. పొగ మానడమే దానికి అసలు వైద్యం. రుయాలోనో స్విమ్స్‌లోనో కార్డుమీద ఆపరేషన్ ఉచితంగా చేసినా, పోయిన కూలి ఎవరిస్తారు? సత్యవేడు నుంచి బస్సు చార్జీలు, తోడు వచ్చిన ఆడమనిషి కూలి?

ఇంట్లో కాలిస్తే మొదటి శీలమూ తగులుతుంది. ఇతరులు వదిలిన పొగ పీల్చి ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా చనిపోతున్నారు. వాళ్ళలో పసిబిడ్డలూ ఉన్నారు.

"మానలేనన్నా" అంటారా? తిరుమల కొండమీద పనికి పోయేవాళ్ళను చూడండి. సిగరెట్లు అలిపిరి తనిఖీ దగ్గరే ఆగిపోవాలి, పైన నిషేధం. డ్యూటీ అయ్యేదాకా కాల్చకుండానే ఉంటారు. కింద మనల్ని ఎవరూ తనిఖీ చేయరు, అంతే తేడా. శీలాన్ని మనం పాళీలో 'సిక్ఖాపదం' అంటాం, శిక్షణ అని. పోలీసుకు భయపడి పాటించేది కాదది. ఎవరికి వారు తీసుకునేది.

కాల్చాలనిపించినప్పుడు ఐదు నిమిషాలు శ్వాసను గమనిస్తూ కూర్చోండి. ఆ కోరిక లేచి, పెరిగి, దానంతటదే తగ్గడం మీకే తెలుస్తుంది. మొదటి వారం చిరాకు, నిద్రలేమి ఉంటాయి, భయపడొద్దు. ఇంటావిడకు ముందే చెప్పుకోండి. ఇంకా కష్టమైతే ప్రభుత్వ ఉచిత నంబరు 1800 11 2356కు ఫోన్ చేయండి. మానిన రోజు నుంచి ఆ 50 రూపాయలు డబ్బాలో వేసి, నెల చివర బిడ్డలచేత లెక్కపెట్టించండి.