అసంభవ వాస్తువు: మాయాసభ మొదలు కంప్యూటరు తెర వరకు

కట్టుటకు వీలుకాని కట్టడములను కల్పించు కళ కంప్యూటరు తెరపై నూతన రూపమును పొందినది. దానిని చూచినంతనే భారతీయ పాఠకునకు స్ఫురించు మాట ‘మాయాసభ’. ఆ పోలిక ఎంతవరకు చెల్లునో విచారింపవలసి యున్నది.

నన్నయ భారతమున, సభాపర్వమునందు, దుర్యోధనుడు నీటిని నేలయని భ్రమించి తడిసెను. అచట నీరు నీరే, నేల నేలయే, దోషము చూపునది. మయుడు కట్టినది సంభవమైన కట్టడమే. ఇది రజ్జుసర్పభ్రాంతి వంటిది. కాలు తడిసినంతనే భ్రాంతి తొలగును.

ఇరువదవ శతాబ్దమున వేరొక తెగ ప్రసిద్ధి కెక్కినది. 1958లో లయొనెల్ పెన్‌రోజ్, ఆయన కుమారుడు రోజర్ పెన్‌రోజ్ అసంభవ వస్తువులను గూర్చి ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీ’లో ఒక చిన్న వ్యాసమును ప్రకటించిరి. అందలి మెట్లవరుసను ఆధారముగా గొని హాలండు చిత్రకారుడు ఎషర్ 1960లో ‘ఆరోహణము, అవరోహణము’ అను శిలాముద్రణ చిత్రమును రచించెను. ఆ మెట్లను ఎక్కువారు ఒక్క మెట్టును దిగకయే బయలుదేరిన చోటికి వత్తురు. ఏ భాగమును విడదీసి చూచినను దోషము లేదు. నాలుగు వైపులను కలిపినపుడే విరోధము. ‘వంధ్యాపుత్రుడు’ అనుచోట పదములు సార్థకములు, కలయిక అసంభవము. మాటలలోని అట్టి అసంభవమే ఇచట కంటికి కనబడుచున్నది. ఎంత పరిశీలించినను అది తొలగదు.

2014లో లండనులోని అస్‌టూ సంస్థ వెలువరించిన ‘మాన్యుమెంట్ వ్యాలీ’ అను ఆట మూడవ తెగకు చెందినది. అందలి కట్టడములు దూరము పెరిగినను పరిమాణము తగ్గని సమాంతర పద్ధతిలో గీయబడినవి. అందుచే దగ్గరి గోడ యంచును దూరపు గోడ యంచును తెరపై ఒకచోట కలియగలవు. ఆడువారు కట్టడమును త్రిప్పి ఆ కలయికను సాధించినంతనే ఐడా యను రాకుమారి ఆ బాటపై నడచిపోవును. ఇచట కనబడుటయే ఉండుట. అద్వైతమునందలి దృష్టిసృష్టివాదమునకు ఈ నియమము సన్నిహితము. అయినను భేదమొకటి కలదు. ఏ కలయిక బాట కాదగునో రూపకర్త ముందే నిర్ణయించి యుండుటచే ద్రష్టకు పూర్ణస్వాతంత్ర్యము లేదు.

ఈ మూడింటిని ‘మాయ’ యను నొక్క మాటతో చెప్పినచో భ్రాంతి, విరోధము, సృష్టి అను భేదము మరుగుపడును. దుర్యోధనుని అతని చూపే పడవేసినది. ఐడాకు ఆడువారి చూపే బాట యగుచున్నది. కావున భ్రాంతివాస్తువు, అసంభవవాస్తువు, దృష్టివాస్తువు అను మూడు పేర్లను వేరుగా నిలుపుట యుక్తము. ఈ సంస్కృతపదములు పలు భారతీయ భాషల విమర్శకులకు సుబోధములే. పాత పదమును క్రొత్త కళకు పెట్టుటలో తొందరపడినచో ఆ పదమును చెడును, ఆ కళయు బోధపడదు.