సెల్ టవరుకు ఇంటి పన్ను ఉంటదా?



మన పాలకుర్తికి బస్సులో వస్తుంటే దూరం నుంచే సోమేశ్వరస్వామి గుట్ట కనిపిస్తది. ఇప్పుడు సెల్ టవర్లు కూడా కనిపిస్తయి. గుట్ట సంగతి అందరికీ తెలుసు. టవరు సంగతి ఈ పాఠంలో చదువుదాం.

మనం ఇంటి పన్ను కడుతం. రెండు అర్రల రేకుల ఇల్లయినా పన్ను తప్పదు. నల్లా ఉంటే నల్లా బిల్లు. అంగడిలో గంపెడు కూరగాయలు పెట్టుకున్నా తైబజారు అడగడం మనం ఎరిగినదే. మరి అంత ఎత్తు టవరు పెట్టి వ్యాపారం చేసే కంపెనీ మన పంచాయతీకి పన్ను కట్టాల్నా, వద్దా?

"కిరాయి కడుతున్నరు గదా!" అని కొందరు అంటరు. కిరాయి వేరు, పన్ను వేరు. టవరు ఎవరి చెల్కలో ఉంటే కిరాయి వాళ్లకే పోతది. పంచాయతీ జాగలో ఉంటేనే పంచాయతీకి వస్తది. పన్ను అట్ల కాదు. అది ఊరందరి పైస. వీధి దీపాలకు, మోరీలు తీయడానికి, తాగే నీళ్లకు ఆ పైసనే ఆధారం.

ఇంకో మాట. పంచాయతీ తన ఇష్టం వచ్చినట్టు పన్ను వేయరాదు. చట్టం లేకుండా ఏ పన్నూ వసూలు చేయవద్దని మన రాజ్యాంగం 265వ అధికరణం చెబుతున్నది. భూములు, కట్టడాల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రానిది. టెలిఫోన్ల మీద అధికారం కేంద్రానిది. తగాదా ఇక్కడనే మొదలయింది.

కంపెనీలు ఏమన్నయి? "టవరు టెలిఫోను పనికి సంబంధించింది. అది కేంద్రం సంగతి. అది ఇల్లు కాదు, దుకాణం కాదు. రాష్ట్రం పన్ను వేయరాదు" అన్నయి. గుజరాత్ హైకోర్టు ఈ వాదనను ఒప్పుకున్నది. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ ఒప్పుకోలేదు, సుప్రీం కోర్టుకు పోయింది. 2016 డిసెంబరు 16న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కట్టడం అంటే మనుషులు కాపురం ఉండే ఇల్లు ఒక్కటే కాదు, సెల్ టవరు కూడా కట్టడమే అన్నది. రాష్ట్రం చట్టం చేస్తే దాని మీద పన్ను వేయవచ్చునని తేల్చింది. ఫోను మాటల మీద పన్ను సంగతి వేరు. భూమి మీద నిలబడ్డ ఇనుప కట్టడం సంగతి వేరు.

ఇంతటితో అయిపోలేదు. 2023లో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. అందులోని 14వ సెక్షను 2024 జూన్ 26 నుంచి అమలులోకి వచ్చింది. అది ఏమంటదంటే, ఒకరి ఆస్తి మీద పెట్టిన టెలిఫోను సామాను ఆ ఆస్తిలో భాగం కాదు. ఆ ఆస్తి మీద పడే పన్నుకు కూడా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

దీనివల్ల ఒక మేలు ఉన్నది. మీ డాబా మీద టవరు పెట్టనిచ్చిండ్రు అనుకోండి. టవరును మీ ఇంట్లో భాగంగా లెక్కగట్టి మీ ఇంటి పన్ను పెంచరాదు. అంతవరకు మంచిదే. కానీ కంపెనీ మీద విడిగా పన్ను వేయవచ్చునా? వేయరాదని కంపెనీలు ఈ సెక్షనునే చూపుతయి. 2016 తీర్పు ఉన్నది గదా అని పంచాయతీలు, మునిసిపాలిటీలు చెప్పుకోవచ్చు. సెక్షను మాట్లాడేది ఇంటాయన ఆస్తి పన్ను గురించి. కంపెనీ తన టవరుకు ఏమీ కట్టనక్కర లేదని అందులో ఎక్కడా రాసి లేదు. నాకైతే రెండో మాటనే సబబుగా తోస్తున్నది.

కంపెనీల మాటలో కూడా కొంత న్యాయం ఉన్నది. ఒక్కో ఊరు ఒక్కో తీరుగా పన్ను వేస్తే ఆ బరువు చివరికి మన రీచార్జి మీదనే పడుతది. లాభం తక్కువ వచ్చే తండాలో టవరు పెట్టడానికి ముందుకు రారు. సిగ్నలు లేకపోతే కష్టం ఎవరికి? పింఛను పైసలు, సంఘం పైసలు పడ్డయా లేదా అని ఫోనులోనే చూసుకుంటున్నం. ఇంగ్లండులో టవర్లకు, తీగలకు స్థానిక పన్ను ఉన్నది. అయినా కొత్తగా వేసిన ఫైబరు తీగలకు 2017 నుంచి ఐదేండ్లు పన్ను మినహాయించిండ్రు. మన దగ్గర కూడా రాష్ట్రమంతటా ఒకే రేటు పెట్టి, మారుమూల తండాలకు మినహాయింపు ఇస్తే గొడవ ఉండదు.

ఒక లెక్క చేద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. ఊర్లో 3 టవర్లు ఉన్నయి. ఒక్కో టవరుకు ఏడాదికి 5,000 రూపాయల పన్ను అనుకుందాం. మొత్తం 15,000. ఊర్లో 300 ఇండ్లు ఉంటే ఇంటికి 50 రూపాయలు పడుతది. ఆ పైస రాకపోతే మోరీ తీయించడానికి ఇంటికి 50 రూపాయలు మనమే ఎక్కువ కట్టాలె, లేకపోతే మోరీ అట్లనే ఉంటది.

మరి మన ఊర్లో టవరు పన్ను వసూలు అవుతున్నదా? పంచాయతీలో డిమాండ్ రిజిస్టరు ఉంటది. ఎవరు ఎంత కట్టాలె, ఎంత కట్టిండ్రు అని అందులో రాస్తరు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలె. అక్కడ అడగవచ్చు. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలె. గ్రామ స్థాయిలో ఫీజు లేదు. మండల ఆఫీసులో అయితే 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలె. రసీదు తీసుకోవడం మరువకండి. చాకలి ఐలమ్మ ఊరిది, అడగడానికి మొహమాటం ఎందుకు?

దరఖాస్తు ఇట్ల రాయవచ్చు:

"గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి, మన గ్రామంలో సెల్ టవర్లు ఎన్ని ఉన్నవి? ఒక్కో టవరుకు ఎంత పన్ను వేసినారు? ఎంత వసూలు అయినది? బాకీ ఎంత? దయచేసి తెలుపగలరు."

కింద తేదీ వేసి, మీ పేరు మీరే రాసి సంతకం పెట్టండి. వేలిముద్ర వద్దు.