ఎదురుచూడక చదువుట

పొయ్యిమీద ఎసరు పెట్టినవారు అది మరుగువరకు చేతులు కట్టుకొని గిన్నె యెదుటనే కూర్చుండరు. ఈలోగా బియ్యము కడుగుదురు, కూర తరుగుదురు. ఎసరు మరిగిన చప్పుడు వినగానే లేచి బియ్యము వేయుదురు. నిత్యము మన యిండ్లలో జరుగు ఈ పనిలో కంప్యూటరు శాస్త్రమునకు చెందిన ముఖ్యసూత్ర మొకటి యిమిడియున్నది. తెలుగు బోధించు మాకు దీనితో పని యేమి యని పాఠకులు సందేహింపవచ్చును. దానికి సమాధానము ముందు రాగలదు.

కీబోర్డునుండి గాని, నెట్‌వర్కునుండి గాని ప్రోగ్రామునకు సమాచారము ఒక్కుమ్మడిగా రాదు. కాలువనీరువలె కొంచెము కొంచెముగా వచ్చుచుండును. అందుచేతనే దానిని ప్రవాహమందురు. ప్రోగ్రాము 'రీడ్' అని యడిగిన క్షణమున బైటు లేవియు లేకున్నచో, సాధారణ పద్ధతిలో ఆపరేటింగ్ సిస్టం ఆ ప్రోగ్రామును నిద్రపుచ్చును. సమాచారము వచ్చువరకు అది వేరొక పని చేయజాలదు. ఒక్కరితో మాటలాడు ప్రోగ్రామునకు ఇది చాలును. కాని వేయిమందితో మాటలాడవలసినపుడు, ఒకరి మౌనము మిగిలిన 999 మందికి ఆటంకమగును.

దీనికి విరుగుడు నాన్‌బ్లాకింగ్ పద్ధతి. యూనిక్స్ వంశమునకు చెందిన సిస్టములలో ఒక ప్రవాహము నిట్లు అమర్చినచో, చదువబోయిన ప్రోగ్రాము నిలిచిపోదు. వెంటనే జవాబు వచ్చును. ఆ జవాబులలో ముఖ్యమైనవి మూడు. సున్నకంటె పెద్ద సంఖ్య వచ్చినచో అన్ని బైట్లు అందినవని అర్థము. సున్న వచ్చినచో ప్రవాహము ముగిసినదని అర్థము. -1 తోపాటు 'ఈ-అగైన్' అను సంకేతము వచ్చినచో, ఇప్పుడేమియు లేదు, తరువాత మరల అడుగుమని అర్థము. చివరి రెండింటిని ఒకటిగా భావించువారి ప్రోగ్రాములు, ఇంకను రావలసినది యుండగానే తలుపులు మూసికొనును.

అయితే క్షణమున కొకమారు మూత తీసి చూచుచుండువారికి కూర తరుగు తీరిక యెక్కడిది? ఇందుకొరకు 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో 'సెలెక్ట్' అను సదుపాయము వచ్చినది. అనేక ప్రవాహముల పట్టికను సిస్టమునకు అప్పగించి, వీనిలో ఏది సిద్ధమైనను నన్ను లేపుమని చెప్పుట దీని రీతి. పట్టిక పెద్దదైనకొలది ప్రతిసారియు దానినంతను పరిశీలించుట భారమగును గనుక, సిద్ధమైనవానిని మాత్రమే తెలుపు 'ఈపోల్' 2002లో లినక్స్‌లో చేరినది. ఇవి యన్నియు ఎసరు మరిగినదని చెప్పునవి మాత్రమే. బియ్యము వేయవలసినది మనమే. బియ్యము కూడ తానే వేసి, అన్న మైనదని తెలుపు పద్ధతిని అసింక్రనస్ పద్ధతి యందురు. 2019లో లినక్స్‌లో చేరిన 'ఐఓ యూరింగ్' ఈ కోవలోనిది.

ఇక మా సంగతి. మా విద్యార్థులు కొందరు నెట్‌వర్కుద్వారా వచ్చు రచనలను 1024 బైట్ల చొప్పున చదివి తెరపై చూపు ప్రోగ్రామును వ్రాసిరి. ఒక ఉర్దూ అక్షరమును వేలసార్లు పంపి పరీక్షింపగా సరిగానే కనబడెను. తెలుగు అక్షరముతో అట్లే చేయగా నడుమనడుమ ప్రశ్నార్థక చిహ్నములు వచ్చెను. తెలుగు లిపియే కంప్యూటరునకు ఇమడదేమో యని వారు మా యొద్దకు వచ్చిరి. లిపిమీద పడిన ఈ నింద నిజమో కాదో తేల్చుకొనుటకే మేము ఈ శాస్త్రమును కొంత నేర్చితిమి.

కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు, తెలుగు అక్షరమునకు 3 బైట్లు, పదముల నడుమ ఖాళీకి 1 బైటు పట్టును. 1024ను 2చే భాగించిన శేషము లేదు. 3చే భాగించిన 341 అక్షరములు పోగా ఒక బైటు మిగులును. అనగా 342వ అక్షరము మొదటనే తెగిపోయినది! ఉర్దూలో ఒక్క ఖాళీ చేరినను అదే గతి పట్టును. పైగా నెట్‌వర్కుమీద వచ్చు ముక్క ఎచ్చటనైనను తెగవచ్చును. దోషము లిపిది కాదు; తెగిన ముక్కను పూర్తి యక్షరముగా ఎంచిన ప్రోగ్రాముది.

సవరణ సులభమే. అక్షరముయొక్క మొదటి బైటును బట్టియే అది యెన్ని బైట్లదో తెలియును. అన్నియు రానిచో, వచ్చినవానిని దాచి, తరువాతి ముక్కకు ముందు చేర్చవలెను. సున్న వచ్చి ప్రవాహము ముగిసిన పిదపకూడ శేషము మిగిలియున్నచో, అపుడు మాత్రమే దానిని లోపమని నిర్ణయింపవలెను. విద్యార్థులు ఇట్లు సవరింపగా ఉభయ భాషలును చక్కగా కనబడెను.

'ఇప్పుడు లేదు' అనుట వేరు, 'ఇక లేదు' అనుట వేరు. సగము వచ్చిన అక్షరమును చెడిన అక్షర మనుకొనరాదు. ప్రవాహమును చదువువారు మొట్టమొదట నేర్వవలసిన పాఠ మిదియే.