అంతేవాసి

సంస్కృతంలో విద్యార్థిని సూచించే పదాలలో 'అంతేవాసి' ఒకటి. గురువు చెంత నివసించేవాడని దాని అర్థం. వేదాధ్యయనపరులకే ఈ మాట వర్తిస్తుందని సామాన్యంగా భావిస్తాం. కాని నారదస్మృతి దీనిని చేతిపని నేర్చుకొనే యువకునికీ వాడింది. శిల్పం నేర్వగోరినవాడు బంధువుల అనుమతి పొంది, ఎంతకాలం ఉండేదీ ముందుగా నిర్ణయించుకొని, ఆచార్యుని యింట నివసించాలి. ఆచార్యుడు అతనికి భోజనం పెట్టి, పుత్రునివలె చూచుకొంటూ పని నేర్పాలి. నేర్పవలసిన పని తప్ప వేరొక పని చేయించరాదు. ఈ చివరి నిబంధన చేర్చవలసి వచ్చిందంటే, శిష్యునిచేత నీళ్ళు మోయించి విద్యను మాత్రం దాచుకొన్న ఆచార్యులు ఆనాడూ ఉండి ఉంటారని ఊహించవచ్చు.

నేటి అప్రెంటిస్‌షిప్, ఇంటర్న్‌షిప్ ఈ సంప్రదాయానికి నూతన రూపాలు. మొదటిది చట్టబద్ధమైన ఒప్పందం. రెండవది సాధారణంగా చదువులో భాగంగా జరిగే శిక్షణ. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం పరిధిలోకి 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమాదారులు వచ్చారు. 1986 సవరణతో ఇంటర్మీడియట్ స్థాయిలో వృత్తివిద్య చదివినవారికీ చోటు లభించింది. మన విద్యార్థులలో ఎందరో ఎరుగని సంగతి ఇది.

నెల్లూరు తీరంలో ఇటువంటి శిక్షణకు తగిన చోట్లు కొరతగా లేవు. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరింది. 2022లో ఆ దీవి తిరుపతి జిల్లాలో చేరినా నెల్లూరువారు దానిని తమదిగానే చెప్పుకొంటారు. కృష్ణపట్నంలో ఓడరేవు, నేలటూరులో తాపవిద్యుత్కేంద్రం ఉన్నాయి. అయితే చదువుకూ పనికీ నడుమ దూరం ఎలా తరుగుతుందో తెలియాలంటే ఈ పెద్ద కట్టడాలవైపు కాక రొయ్యల గుంటలవైపు చూడాలి.

ముత్తుకూరులో 1991లో మత్స్యశాస్త్ర కళాశాల ఏర్పడింది. అప్పటికే తీరంలో రొయ్యల సాగు విస్తరిస్తున్నది. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి తూర్పుతీరపు సాగును కూలదోసింది. అప్పు తెచ్చి గుంట తవ్వించిన రైతుకు, రోగాన్ని ముందుగా పసిగట్టగల మనిషి ఎంత అవసరమో అప్పుడు తెలిసివచ్చింది. 2009లో అనుమతి పొందిన వనామి రకంతో ఆ అవసరం ఇంకా పెరిగింది. తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెప్పించి, చెన్నై సమీపంలోని నీలాంకరైలో క్వారంటైన్ చేసి, హేచరీలలో పిల్లలను ఉత్పత్తి చేయాలి. ప్రతి దశలోనూ శాస్త్రం తెలిసినవారు కావాలి.

మత్స్యశాస్త్ర పట్టా చదువు నాలుగేళ్ళు. చివరి సంవత్సరంలో గ్రామాలలోనూ, హేచరీలవంటి పనిచోట్లలోనూ అనుభవశిక్షణ ఉంటుంది. 2015లో భారత వ్యవసాయ పరిశోధన మండలి దీనికి 'స్టూడెంట్ రెడీ' అనే పేరుతో ఒక రూపం కల్పించింది. నీటిలో కరిగిన ఆక్సిజన్ పుస్తకంలో ఒక అంకె మాత్రమే. గుంట గట్టున అది తెల్లవారుజాము గండం. పగలు ఎండలో ఆక్సిజన్ విడిచిన సూక్ష్మవృక్షాలు రాత్రంతా దానిని తామే పీల్చుకొంటాయి. అందుచేత సూర్యోదయానికి ముందు అది అట్టడుగుకు పడుతుంది. ఆ గంటలో కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి. జనరేటరు వేయడానికి ఎన్ని నిమిషాలు పడుతుందన్నది ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు. మేత కొంత చెక్ ట్రేలో వేసి నీటిలోకి దించి, రెండు గంటల తరువాత పైకి తీస్తారు. మిగిలిన మేతనూ, రొయ్య పేగు నిండిన తీరునూ చూచి తరువాతి మేత నిర్ణయిస్తారు. ఇది చూపు పట్టుబడితే వచ్చే విద్య.

విద్యార్థి వలన రైతుకు ఏమీ ఒరగదనుకోరాదు. పిల్లలలో వైరస్ ఉన్నదీ లేనిదీ పీసీఆర్ పరీక్ష చెబుతుంది. ఆ నివేదికను చదివి విప్పిచెప్పగలవాడు గట్టున ఉండటం రైతుకు లాభమే. యజమానికి కూడా ప్రయోజనం కనబడితే తప్ప ఈ ఏర్పాటు నిలవదు. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ ఈ కిటుకును గ్రహించాడు. ఇద్దరు విద్యార్థులను జతచేసి, ఒకరు తరగతిలో ఉండగా మరొకరు కర్మాగారంలో ఉండేటట్లు వారం వారం మార్చాడు. యజమానికి పని ఆగలేదు. విద్యార్థికి చదువు ఆగలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమలైన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చారు. నిబంధన పెట్టడం సులభం. అందరికీ తగిన పనిచోటు చూపడం కష్టం. చోటు దొరకనివాడు ధ్రువపత్రం కొనుక్కోజూస్తాడు. కర్మాగారంలో తెలిసినవారున్న ఇంటి బిడ్డకు ఒక్క ఫోనుతో పని జరుగుతుంది. మైపాడులో వల లాగే ఇంటి బిడ్డకు ఆ ఫోను ఎవరు చేయాలి? కళాశాలే చేయాలి. అధ్యాపకుడు ఏటా పనిచోట్లకు స్వయంగా వెళ్ళి, నేర్పే ఓపిక ఉన్న యజమానుల పేర్లు వ్రాసి ఉంచుకోవాలి. ఇది అదనపు శ్రమ అనేవారున్నారు. నా దృష్టిలో ఇదీ బోధనలో భాగమే.

విద్యార్థి కూడా చేరబోయే ముందు కొన్ని సంగతులు కాగితం మీద వ్రాయించుకోవాలి. ఎంతకాలం, భృతి ఎంత, వసతి ఎవరిది, ఏ పనిని ఎవరు నేర్పుతారు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అన్నవి అందులో ఉండాలి. జిరాక్సులు తీయించడం, టీలు తెప్పించడం అందులో ఉండవు. నెల గడిచినా అవే చేయిస్తుంటే కళాశాలకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి.

అర్థాలు: భృతి = శిక్షణకాలంలో ఇచ్చే వేతనం; గండం = ఆపద; కిటుకు = మర్మం.

ప్రశ్నలు
1. నారదస్మృతి ఆచార్యునికి విధించిన నియమాలేవి? నేటి యజమానికి అవి ఎంతవరకు వర్తిస్తాయి?
2. మీ ఊరికి సమీపంలోని ఒక పనిచోటును చూచి, అక్కడ మీ పాఠ్యవిషయం ఎక్కడ ఉపయోగపడుతున్నదో ఒక పుటలో వ్రాయండి.