చదరంగ యోధుడు మీర్ సుల్తాన్ ఖాన్

చదరంగానికి పుట్టినిల్లు భారతదేశం. ‘చతురంగ’ అనే సంస్కృత పదానికి నాలుగు అంగాలు గలది అని అర్థం. రథ, గజ, తురగ, పదాతి దళాలు నాలుగూ కలిస్తేనే ప్రాచీన కాలంలో సంపూర్ణ సైన్యం. ఆ సైన్యాన్ని అరవై నాలుగు గడుల మీద నిలిపి ఆడే ఆటకు ఆ పేరే స్థిరపడింది. తెలుగులో అదే చదరంగమైంది. ఏడవ శతాబ్దికి చెందిన బాణభట్టు తన హర్షచరితంలో ఈ ఆటను ప్రస్తావించాడు. భారతదేశం నుండి ఇది పారశీకానికి చేరి ‘చత్రంగ్’ అయింది. అరబ్బుల నోట ‘షత్రంజ్’గా మారి, స్పెయిన్, సిసిలీల మీదుగా ఐరోపాలో అడుగుపెట్టింది.

పదిహేనవ శతాబ్దం చివరి కాలంలో ఐరోపావారు ఈ ఆటకు వేగం కల్పించారు. అంతవరకు మూలగా ఒక్క గడి మాత్రమే కదలగలిగిన మంత్రిని రాణిగా మార్చి, ఎటువైపైనా ఎంత దూరమైనా పోగల శక్తినిచ్చారు. బంటు తన మొదటి ఎత్తులో రెండు గడులు ముందుకు వేయవచ్చునన్న నియమం కూడా అక్కడిదే. మంత్రికి కలిగిన కొత్త బలం క్రమంగా మన దేశపు ఆటలోనూ ప్రవేశించింది. అయినా తెలుగువారు ఆ పావును నేటికీ మంత్రి అనే పిలుస్తారు. కాని మిగిలిన నియమాలలో చాలాభాగం ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళ వరకు ఇక్కడ పాత పద్ధతిలోనే సాగాయి. బంటు ఒక్కొక్క గడి మాత్రమే నడిచేది. చివరి వరుసకు చేరిన బంటు తాను చేరిన గడికి చెందిన పావుగానే మారేది. కోట కట్టుకోవడానికి బదులు రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. అందువల్ల ఆట నెమ్మదిగా మొదలయ్యేది. ఆరంభపు ఎత్తులను గ్రంథాలు చూసి కంఠస్థం చేయవలసిన అవసరం ఉండేది కాదు.

ఇటువంటి ఆటలో పెరిగినవాడు మీర్ సుల్తాన్ ఖాన్. ఆయన 1903లో పంజాబులోని మిఠా తివానా గ్రామంలో జన్మించాడు. అది నేడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి వద్ద బాల్యంలోనే చదరంగం నేర్చి, ఇరవై యేళ్ళు దాటేసరికి ఆ ప్రాంతంలో తనకు సాటి లేరనిపించుకున్నాడు. సంపన్న భూస్వామి, సైనికాధికారి అయిన సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా ఆ ప్రతిభను గుర్తించి, ఆయనను తన ఆశ్రయంలోకి తీసుకొని ఐరోపా నియమాలు నేర్పించాడు. 1928లో జరిగిన అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ ఒక్క ఆట కూడా ఓడకుండా విజేతగా నిలిచాడు.

1929 వసంతంలో సర్ ఉమర్ ఆయనను లండన్ తీసుకొని వెళ్ళాడు. అభ్యాసం కోసం ఏర్పాటు చేసిన తొలి పోటీలో సుల్తాన్ ఖాన్ అట్టడుగు స్థానాలలో నిలిచాడు. ఆరంభపు ఎత్తులలో ఆయనకు పట్టు లేదు. ఇంగ్లండు చలి, తరచుగా వచ్చే జ్వరాలు ఆయనను బాధించేవి. యేట్స్, వింటర్ అనే బ్రిటిష్ క్రీడాకారులు ఆయనకు మెళకువలు నేర్పారు. ఆ వేసవిలోనే రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌ను ఆయన గెలుచుకున్నాడు. పాలితదేశం నుండి వచ్చి నెలలు మాత్రమే గడిపిన యువకుడు పాలకుల దేశపు విజేత కావడం ఆనాడు అందరినీ ఆశ్చర్యపరచింది. 1932, 1933 సంవత్సరాలలో ఆ బిరుదు మళ్ళీ ఆయనకే దక్కింది. సర్ ఉమర్ పరివారంలోనే ఉన్న ఫాతిమా అనే యువతి 1933లో బ్రిటిష్ మహిళల ఛాంపియన్ అయింది.

హేస్టింగ్స్‌లో 1930 చివర మొదలైన పోటీలో ఆయన కీర్తి శిఖరాన్ని అందుకుంది. ఆయన ప్రత్యర్థులలో ఒకడు క్యూబా దేశీయుడైన కాపబ్లాంకా. 1921 నుండి 1927 వరకు ప్రపంచ విజేతగా వెలిగిన కాపబ్లాంకాను ఓడించడం ఎంతటివారికైనా కష్టమే. ఈ ఆటలో కాపబ్లాంకా తన మంత్రిని వదులుకొని ప్రత్యర్థి ఏనుగులు రెంటిని తీసుకున్నాడు. ఆ ఏనుగులతో పటిష్టమైన రక్షణ కట్టగలనని ఆయన ఆశ. సుల్తాన్ ఖాన్ తొందరపడలేదు. ఎత్తు వెంట ఎత్తుగా ఆ రక్షణను సడలించి, 65 ఎత్తులలో ఆటను ముగించాడు. నిదానమే ప్రాణమైన భారతీయ చదరంగం నేర్పిన ఓర్పు అక్కడ ఫలించిందనవచ్చు. ఆ పోటీలో ఆయన మూడవ స్థానం పొందాడు. మొదటి స్థానం 1935లో ప్రపంచ విజేత కానున్న యూవేది. మరుసటి యేడు సుల్తాన్ ఖాన్ టార్టకోవర్‌ను ముఖాముఖి పోటీలో గెలిచాడు. 1931లో ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లండు జట్టు మొదటి బల్ల మీద ఆడి రూబిన్‌స్టీన్, ఫ్లోర్‌లను ఓడించాడు. అప్పటి ప్రపంచ విజేత అలేఖిన్‌తో సమానంగా నిలిచాడు. ఆయనది అసాధారణమైన ప్రతిభ అని కాపబ్లాంకా తరువాత మెచ్చుకున్నాడు.

ఇంతటి క్రీడాకారుని స్థితి లండన్‌లో ఎట్లా ఉండేది? 1933లో సర్ ఉమర్ ఇంటికి విందుకు వెళ్ళిన అమెరికా క్రీడాకారుడు రూబెన్ ఫైన్, తమకు భోజనం వడ్డించినది సుల్తాన్ ఖానే అని వ్రాశాడు. పాశ్చాత్య గ్రంథాలు పలుమార్లు ఆయనను నిరక్షరాస్యుడైన సేవకునిగా చిత్రించాయి. ఆయన వారసులు దీనిని ఖండించారు. ఆయన భూవసతి గల కుటుంబంలో పుట్టాడని, చదవను వ్రాయను నేర్చినవాడని వారి వాదన. వలసపాలన కాలపు దృష్టితో వ్రాసిన మాటలను యథాతథంగా స్వీకరించకపోవడమే న్యాయం. అయితే ఆయన ఎక్కడ ఆడాలి, ఎంతకాలం ఆడాలి అన్నది మాత్రం ఆయన చేతిలో లేదు. 1933 డిసెంబరులో సర్ ఉమర్ స్వదేశానికి మరలగా ఆయనా మరలివచ్చాడు. అప్పటికి వయస్సు ముప్పై మాత్రమే. 1935లో ఖాదిల్కర్‌తో ఆడిన పది ఆటలలో తొమ్మిది గెలిచి ఒకటి సమానం చేశాడు. ఆ తరువాత పెద్ద పోటీలలో ఆయన పేరు వినిపించలేదు. స్వగ్రామ ప్రాంతంలో వ్యవసాయం చేసుకుంటూ 1966లో కన్నుమూశాడు. తన పిల్లలకు ఆయన చదరంగం నేర్పలేదు. జీవితంలో మరింత ఉపయోగపడే పని చేయండని చెప్పేవాడట.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1950లో మొదటిసారిగా 27 మందికి గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. వారిలో రూబిన్‌స్టీన్ ఉన్నాడు. ఆయనా 1930ల తొలినాళ్ళలోనే పోటీలు మానినవాడే. గడచిన విజయాలను బట్టి ఆయనకు దక్కిన గౌరవం, ప్రాగ్‌లో ఆయనను ఓడించిన సుల్తాన్ ఖాన్‌కు దక్కలేదు. అప్పటికి ఆయన సజీవుడు. చివరకు 2024లో, మరణించిన 58 సంవత్సరాలకు, ఆ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదును ప్రకటించింది.